తెచ్చుకున్న పనితనం, పెంచుకున్న పనితనం

ఈ మధ్య ఒక మిత్రునికి తోడుగా పాతబస్తీలోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. మా ముందు ఒక ముసలమ్మ నిలబడి ఉంది. భర్త చనిపోయాడు, పింఛను కోసం వచ్చింది. చేతిలోని దరఖాస్తు ఉర్దూలో ఉంది. కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తా మంచివాడే, విసుక్కోలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "దీన్ని తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ ఎవరితోనైనా రాయించుకు రండమ్మా" అన్నాడు. అంతలో పక్కనున్న కంప్యూటర్ కుర్రాడు "ఖాలా, ఇటు రండి" అని పిలిచాడు. కాగితం చదివాడు, రెండు ప్రశ్నలు అడిగాడు, వివరాలు ఎక్కించాడు, రసీదు చేతికిచ్చాడు. పది నిమిషాల పని.

తిరిగి వచ్చేటప్పుడు ఆ కుర్రాణ్ని పలకరించాం. "నేను ఔట్‌సోర్సింగ్ అన్నా. మార్చి దాకే ఉంటా" అన్నాడు.

ఆ గదిలో పని తెలిసినవాడు అతనే. ఆ కార్యాలయం తనవాడని చెప్పుకోనివాడూ అతనే.

ప్రభుత్వ ఉద్యోగుల పనితనాన్ని పెంచాలని ప్రతి దేశమూ అంటుంది. కమిటీలు వేస్తుంది, కాలేజీలు కడుతుంది, ఇప్పుడైతే ఫోన్లలో పాఠాలు పెడుతుంది. ప్రియ పాఠకులారా, మన సంఘాల్లోని ఎందరో బిడ్డలు గ్రూప్స్ పరీక్షలకు కూర్చుంటున్నారు. మనలో చాలామందిమి ఏదో ఒక ధ్రువపత్రం కోసం కౌంటర్ల ముందు నిలబడ్డవాళ్లమే. కాబట్టి ఇది ఢిల్లీ వాళ్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పైగా ఈ సంస్కరణను ఒకప్పుడు మన పాతబస్తీలోనే, చార్మినార్‌కు కూతవేటు దూరంలో, ఎంతో పట్టుదలతో చేసి చూశారు. దాని మంచీ చెడూ రెండూ మనకు తెలిసినవే.

1853లో మీర్ తురాబ్ అలీ ఖాన్ నిజాం రాజ్యానికి దివాన్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. చరిత్రలో మొదటి సాలార్‌జంగ్‌గా ప్రసిద్ధులు. (మ్యూజియం చూసి వచ్చినవాళ్లు చాలామంది ఆ వస్తువులన్నీ ఈయనే సేకరించాడనుకుంటారు. వాటిలో ఎక్కువ భాగం ఆయన మనుమడు మూడో సాలార్‌జంగ్ సేకరించినవి. తాతగారు సేకరించింది మనుషుల్ని.) ఆయన పదవిలోకి వచ్చేనాటికి ఖజానా ఖాళీ. ఆ ఏడాదే బాకీల కింద బేరార్ ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లిపోయింది. శిస్తు వసూలును గుత్తకు పాడుకునేవారు. గుత్తేదారు సర్కారుకు కట్టాల్సింది కట్టి, రైతు దగ్గర పిండుకోగలిగినంత పిండుకునేవాడు.

అప్పట్లో సర్కారు లెక్కలు కొన్ని కుటుంబాల వంశపారంపర్య హక్కుగా నడిచేవి. తెలంగాణ జిల్లాల మాల్ దఫ్తరు ఒక కాయస్థ కుటుంబం చేతిలో ఉండేది. మాల్‌వాలా అన్న పేరు వాళ్లకు అలా వచ్చిందే. చార్మినార్ దగ్గరి మాల్‌వాలా ప్యాలెస్ వాళ్లదే. మరాఠ్వాడా లెక్కలు రాయ్ రాయాన్ కుటుంబం దగ్గర ఉండేవి. ఏ ఊరి శిస్తు ఎంత, ఎవరి ఇనాం ఎక్కడ అన్నది ఆ ఇళ్లకు తెలుసు, దివాన్‌కు తెలియదు. తండ్రి కొడుక్కి నేర్పేవాడు. బయటివాడికి చెప్పేవాడు కాదు. వాళ్లకు పని రాదని అనలేం, చాలా బాగా వచ్చు. కాకపోతే ఆ విద్య సర్కారు సొత్తు కాదు, ఇంటి సొత్తు. ఇవాళ ఒక్క ఆపరేటర్ సెలవు పెడితే సాఫ్ట్‌వేర్ తెరిచే దిక్కులేని కార్యాలయాలు చూస్తుంటే, దఫ్తర్‌దారుల కాలం పూర్తిగా పోయిందా అన్న సందేహం కలుగుతుంది.

సాలార్‌జంగ్ గుత్తలు తీసేసి జీతం తీసుకునే తాలూక్‌దారులను పెట్టారు. 1860లలో జిల్లాబందీ చేశారు. రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసి, ఒక్కోదానికి అధికారులనూ కచేరీనీ ఏర్పరచారు. ఈ రోజు మనం కలెక్టరేట్ అంటున్న ఏర్పాటుకు తెలంగాణలో పునాది అక్కడే పడింది.

ఆయన దివాన్ గిరీకి వచ్చిన ఆ రోజుల్లోనే లండన్‌లో ఇద్దరు అధికారులు ఇదే సమస్య మీద నివేదిక రాస్తున్నారు. స్టాఫర్డ్ నార్త్‌కోట్, చార్లెస్ ట్రెవెలియన్. 1854లో వెలువడిన ఆ నివేదికలో చెప్పింది సూటిగా ఉంటుంది. పెద్దవాళ్ల సిఫారసుతో ఉద్యోగాలివ్వడం మానండి. పోటీ పరీక్ష పెట్టండి. మేధస్సు కావలసిన పనిని, నకలు రాసే పనిని వేరు చేయండి. సీనియారిటీని బట్టి కాక పనిని బట్టి పైకి తీసుకురండి. ట్రెవెలియన్ అంతకు ముందు ఇండియాలో కంపెనీ కొలువు చేసినవాడే. కంపెనీ ఉద్యోగాలకు లండన్‌లో మొదటి పోటీ పరీక్ష 1855లో జరిగింది. బ్రిటన్ సొంత శాఖల్లో చాలావాటికి పోటీ పరీక్ష నియమం కావడానికి మాత్రం 1870 దాకా పట్టింది. అంటే సంస్కరణను ముందు మన దేశంలో పరీక్షించి చూసుకుని, తర్వాత తమ ఇంట్లో పెట్టుకున్నారన్నమాట.

హైదరాబాద్‌లో పరీక్ష పెట్టినా రాసేవాళ్లు లేరు. కొత్త కచేరీలకు శిస్తు చట్టం, ఇంగ్లీషు, లెక్కల పద్ధతి తెలిసినవాళ్లు కావాలి. సాలార్‌జంగ్ బడులు పెట్టకపోలేదు. దారుల్ ఉలూమ్ ఆయన కాలంలో వచ్చిందే. 1873లో ఉమరావుల పిల్లల కోసం మదర్సా ఎ ఆలియా కూడా పెట్టారు. కానీ బడి ఫలం చేతికి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఖజానా అంతకాలం ఆగదు. అందుకని 1870లలో ఆయన ఉత్తరాది వైపు చూశారు. బ్రిటిష్ పాలనలో పనిచేసి అనుభవం గడించినవాళ్లను రప్పించారు. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మొహ్సిన్ ఉల్ ముల్క్ బిరుదు పొందిన సయ్యద్ మహదీ అలీ, వికార్ ఉల్ ముల్క్‌గా పేరొందిన ముష్తాక్ హుస్సేన్, చిరాగ్ అలీ, ఉర్దూ నవలాకారుడు నజీర్ అహ్మద్ అలా వచ్చినవాళ్లే. ఎవరిని చూసినా సమర్థులే. రెవెన్యూ, న్యాయం, విద్యాశాఖలు వాళ్ల చేతుల్లో రూపు దిద్దుకున్నాయి. ఆ మాట కాదనలేం.

కాకపోతే వచ్చినవాళ్లు తమవాళ్లను తెచ్చుకున్నారు. పాత దర్బారు ఒక వైపు, కొత్త కచేరీ ఒక వైపు అయ్యాయి. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ కలరాతో కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఆయన సమాధి ఉంది. ఆ తర్వాత కొద్ది కాలానికే కచేరీ భాష ఫారసీ నుంచి ఉర్దూకు మారింది. మారిన భాష కూడా కొత్తవాళ్లకే అనుకూలించింది. ఫారసీలో తలపండిన స్థానికులు వెనకబడ్డారు. 1890ల ఆరంభంలో దర్బారు రాజకీయాల్లో మొహ్సిన్ ఉల్ ముల్క్, వికార్ ఉల్ ముల్క్ ఇద్దరూ రాజ్యం విడిచి వెళ్లారు. తర్వాత ఒకరి వెంట ఒకరు అలీగఢ్ కాలేజీ కార్యదర్శులయ్యారు. హైదరాబాద్‌లో సంపాదించిన అనుభవం వాళ్లతో పాటే అలీగఢ్ వెళ్లిపోయింది.

మన దగ్గర మిగిలింది ఒక మాట. ముల్కీ, గైర్ ముల్కీ.

ముల్కీ అంటే ఈ గడ్డ వాడు. స్థానికులకే కొలువులివ్వాలన్న నియమాలు 1888 నుంచి కనిపిస్తాయి. 1919 నాటి ఫర్మానా ముల్కీ ఎవరో నిర్వచించింది. పదిహేనేళ్లు ఇక్కడ నివసించినవాడు, మరి తిరిగి వెళ్లనని చెప్పినవాడు కూడా ముల్కీయే. సరిగ్గా అదే రోజుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. ఇంట్లో పెంచుకునే ప్రయత్నం అది, అరవై ఏళ్లు ఆలస్యంగా. అక్కడా ఒక లోటుంది. రాజ్యంలో సుమారు సగం మందిది తెలుగు. వాళ్ల పిల్లలు కచేరీ మెట్లెక్కాలంటే ముందు ఉర్దూలో నిలదొక్కుకోవాలి. అంటే ఉస్మానియా తలుపు తెరిచింది, కానీ గడప ఎత్తుగానే ఉంచింది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. కథ మళ్లీ మొదటికొచ్చింది. మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులనూ గుమాస్తాలనూ దింపారు. కచేరీలో ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో ఫైళ్లు రాసి జీవితం గడిపిన పాతబస్తీ గుమాస్తాల సంగతి ఆలోచించండి. చేతిలోని పనితనం చెల్లని నాణెంలా మారిపోయింది. నిజానికి నిజాం నాణెమైన హాలీ సిక్కా ఇంకొన్నేళ్లు చెల్లింది. వాటిని మార్చుకోవడానికి గడువిచ్చారు. మనుషుల విద్యకు ఆపాటి గడువు కూడా దొరకలేదు.

1952లో గొడవ రోడ్డెక్కింది. బయటివాళ్లు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు దక్కించుకుంటున్నారని విద్యార్థులు కదిలారు. వరంగల్‌లో మొదలై హైదరాబాద్ చేరింది. సెప్టెంబరు 3న మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డితో విచారణ జరిపించారు. ఆ తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే. 1969 ఉద్యమం, 1972లో ముల్కీ నియమాలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, 371డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, చివరికి 2014లో ప్రత్యేక రాష్ట్రం. 2018 ఉత్తర్వులు స్థానికులకు 95 శాతం కొలువులు కేటాయించాయి. వీటన్నిటికీ కారణం ఒక్క దివాన్ అనడం అన్యాయం. అయితే పనితనాన్ని బయటి నుంచి తెచ్చుకుని, ఇంట్లోవాళ్లకు నేర్పడం వాయిదా వేసిన ప్రతిసారీ ఈ నగరం మూల్యం చెల్లించింది.

వేరే దేశాలేం చేశాయి?

అమెరికాది వేరే జబ్బు. అక్కడ ఎన్నికల్లో గెలిచిన పార్టీ తన కార్యకర్తలకు కొలువులు పంచేది. ఉద్యోగం దొరకలేదని ఒకడు 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చాడు. రెండేళ్లకు, సాలార్‌జంగ్ పోయిన సంవత్సరంలోనే, పెండిల్టన్ చట్టం వచ్చి పరీక్షలు మొదలయ్యాయి. మొదట అది వర్తించింది పదింట ఒక వంతు ఉద్యోగాలకే. తర్వాత మెల్లగా విస్తరించింది. ఫ్రాన్స్ 1945లో పాలనాధికారుల కోసం ఎనా అనే జాతీయ పాఠశాల పెట్టింది. దేశాధ్యక్షులనే తయారుచేసిన బడి అది. క్రమంగా అది ఉన్నవాళ్ల పిల్లల బడి అయిపోయిందన్న కోపం పెరిగింది. అదే బడిలో చదివిన అధ్యక్షుడు మాక్రోన్ దాన్ని మూయించారు. 2022 నుంచి దాని స్థానంలో వేరే సంస్థ నడుస్తోంది. బ్రిటన్ తీరు ఇంకా వింత. పరీక్షల్లో నెగ్గిన బుద్ధిమంతుడు ఏ శాఖనైనా నడుపుతాడన్నది వాళ్ల నమ్మకం. అది సరిపోదు, మన అధికారులు అన్నీ తెలిసినట్టుండే ఔత్సాహికులు అని 1968లో ఫుల్టన్ కమిటీ తేల్చింది. 1970లో సివిల్ సర్వీస్ కాలేజీ వచ్చింది. 2012లో ఖర్చు తగ్గించుకోవడానికి దాని వారసురాలైన శిక్షణ సంస్థను మూసేశారు. పదేళ్లు తిరగకముందే మళ్లీ శిక్షణకు కొత్త విభాగం పెట్టుకున్నారు. కట్టడం, కూల్చడం అక్కడా ఉన్నదే.

మన కథకు బాగా దగ్గరగా ఉన్నది సింగపూర్. 1959లో లీ క్వాన్ యూ ప్రభుత్వం వచ్చేసరికి కచేరీల నిండా ఇంగ్లీషు బడుల్లో చదివి, తెల్లదొరల కింద పనిచేసిన అధికారులున్నారు. జనంలో ఎక్కువమంది మాట్లాడేది చైనా భాషలు, మలయ్, తమిళం. కొత్తవాళ్లను తెచ్చి వీళ్ల స్థానాల్లో కూర్చోబెట్టడం ఒక దారి. ఆ ప్రభుత్వం ఇంకో దారి ఎంచుకుంది. ఆ ఏడు ఆగస్టులోనే పొలిటికల్ స్టడీ సెంటర్ తెరిచి, కొలువులో ఉన్న అధికారులనే బెంచీల మీద కూర్చోబెట్టింది. ఫైలు రాయడం వాళ్లకు ముందే వచ్చు. అక్కడ నేర్పింది తమ ఊరు ఎలా ఉంది, పేదవాడు ఎందుకు కోపంగా ఉన్నాడు, పక్క దేశాల్లో ఏం జరుగుతోంది అన్న సంగతులు. అదే సమయంలో వాళ్ల భత్యాల్లో కోత కూడా పెట్టారు, అందుకు అధికారులు చాలా బాధపడ్డారు. 1971లో కింది స్థాయి సిబ్బంది దాకా నేర్పే శిక్షణ సంస్థ వచ్చింది. 1995లో మొదలుపెట్టిన కార్యక్రమంలో ప్రతి ఉద్యోగికీ ఏడాదికి 100 గంటల శిక్షణ లక్ష్యంగా పెట్టారు. ప్రతి ఉద్యోగికీ అన్నది గమనించాలి. పై అధికారికి మాత్రమే కాదు, కౌంటర్‌లో కూర్చునేవాడికి కూడా.

సింగపూర్‌ను పొగడటం మన దగ్గర ఒక అలవాటు. అది జనాభాలో హైదరాబాద్ కంటే చిన్నది, జీతాలు ఎక్కువ, ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికకు అక్కడ చోటు తక్కువ. అవన్నీ మనం తెచ్చుకోలేం, కొన్ని తెచ్చుకోకూడదు కూడా. నేను చూసేది ఒక్క విషయమే. కుర్చీలో ఉన్నవాణ్ని తీసేయకుండా, అతనికి తన జనాన్ని గురించి నేర్పారు.

మన దేశం 2020 సెప్టెంబరులో మిషన్ కర్మయోగికి ఆమోదం తెలిపింది. ఐదేళ్లలో 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులకు, సుమారు 511 కోట్ల రూపాయల ఖర్చుతో. లెక్క వేసి చూడండి, మనిషికి ఐదేళ్లకు కలిపి పదకొండు వందల రూపాయల చిల్లర పడుతుంది. పాఠాలన్నీ ఐగాట్ అనే పోర్టల్‌లో ఉంటాయి కాబట్టే అంత తక్కువలో సాధ్యమైంది. నియమం చూసి కాదు, బాధ్యత చూసి పని నేర్పాలన్న దాని మూల ఆలోచన మంచిదే. కానీ ఫోన్‌లో వీడియో నడిపించి సర్టిఫికెట్ తీసుకోవడం వేరు, ముసలమ్మ కాగితం చదవగలగడం వేరు.

నవ్వొచ్చే విషయమేమిటంటే, శిక్షణ సంస్థలకు హైదరాబాద్‌లో కొదవే లేదు. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ 1956లో ఇంగ్లాండ్‌లోని హెన్లీ కాలేజీ నమూనాలో ఏర్పడింది. బేరార్ యువరాజు నివాసమైన బెల్లా విస్టాలో నడుస్తోంది. మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ జూబ్లీహిల్స్‌లో ఉంది. ఐపీఎస్‌లకు జాతీయ పోలీసు అకాడమీ, గ్రామీణాభివృద్ధికి రాజేంద్రనగర్‌లో జాతీయ సంస్థ ఉన్నాయి. దేశమంతటి అధికారులు నేర్చుకోవడానికి ఈ ఊరికే వస్తారు. అయినా చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ మండల కార్యాలయాలకు వచ్చే జనంలో చాలామంది భాష ఉర్దూ.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియకపోలేదు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేశారు. మరుసటి సంవత్సరం 66 మంది ఉర్దూ అధికారులను నియమించారు. మంచి పని. అయితే రాష్ట్రం మొత్తానికి 66 మంది, అదీ ఎక్కువగా పై కార్యాలయాల్లో. మళ్లీ ఇది వేరేవాళ్లను తెచ్చి పక్కన కూర్చోబెట్టే పద్ధతే. కౌంటర్ మీద ఉన్న గుమాస్తాకు ఉర్దూ అక్షరాలు, దక్కనీ మాట ఆరు నెలల్లో నేర్పవచ్చు. అందుకు రాకెట్ విద్య అక్కరలేదు. ఐఏఎస్ అధికారి ఏ రాష్ట్రానికి వెళ్తే ఆ రాష్ట్ర భాషలో పరీక్ష రాయాలన్న నియమం ఉండనే ఉంది. కింది గుమాస్తాకు వార్డు భాషలో అలాంటి శిక్షణ ఉండకూడదా?

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా మన కళ్ల ముందే జరిగింది. 2020లో తెలంగాణ గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను రద్దు చేసింది. అవినీతి ఆరోపణలు చాలా ఉన్నాయి, నిజం కూడా ఉంది. 2022లో ఆ ఐదు వేల మందికి పైగా ఉద్యోగులను లాటరీ తీసి వేరే వేరే శాఖలకు పంపేశారు. పొలం హద్దులు, పహాణీ మాత్రమే తెలిసినవాణ్ని తెలియని పనిలో కూర్చోబెట్టారు. పొలం గొడవలు ఊళ్లలో అలాగే ఉండిపోయాయి. 2025లో ఇష్టమున్న పాతవాళ్లకే పరీక్ష పెట్టి, గ్రామ పాలన అధికారులుగా మళ్లీ ఊళ్లకు పంపారు. తప్పు చేసినవాణ్ని శిక్షించడం, పని తెలిసినవాణ్ని పారేయడం ఒకటి కాదని గ్రహించడానికి ఐదేళ్లు పట్టింది.

ఇంతకీ ఆ కంప్యూటర్ కుర్రాడి విషయం. పాతబస్తీలో పుట్టాడు. ఉర్దూ, తెలుగు రెండూ చదువుతాడు. సాఫ్ట్‌వేర్ వచ్చు, జనం ముఖాలు వచ్చు. మూడేళ్లుగా అదే కౌంటర్ పక్కన కూర్చుంటున్నాడట. గ్రూప్ 4 ఒకసారి రాశాడు. జనరల్ నాలెడ్జ్‌లో మార్కులు తక్కువయ్యాయి. ఆ ప్రశ్నపత్రంలో ఉర్దూ దరఖాస్తు చదవడం వచ్చా అన్న ప్రశ్న లేదు, ముసలమ్మతో ఎలా మాట్లాడాలి అన్న ప్రశ్న కూడా లేదు. రేపు నోటిఫికేషన్ వస్తే అతని మూడేళ్ల అనుభవానికి రెండు మార్కులైనా కలుపుతారా అని మా మిత్రుడు అడిగాడు. కుర్రాడు నవ్వి, వెనక క్యూలో ఉన్న ఆయనను రమ్మని చెయ్యి ఊపాడు.